పెట్టెలో లేని పారాట్రూపర్

ఈసారి బొమ్మల గురించి. చిన్న విషయం అనుకోకండి.

రెండో ప్రపంచయుద్ధం సైనికుల బొమ్మలు పోగుచేసేవాళ్లకు ఎయిర్‌ఫిక్స్ పేరు తెలుసు. అది 1939లో పుట్టిన బ్రిటిష్ కంపెనీ. 1/72 కొలతలో ఆరడుగుల మనిషి రెండున్నర సెంటీమీటర్లు అవుతాడు. ఆ కొలతలో బ్రిటిష్ పారాట్రూపర్లు వచ్చారు, అమెరికన్లు వచ్చారు, హిట్లర్ కోసం దూకిన జర్మన్లూ వచ్చారు. భారత పారాట్రూపర్ల పెట్టె మాత్రం ఆ వరసలో లేదు. ఓడిన శత్రువుకు అచ్చు పోసినవాళ్లు తమ పక్కన నిలబడి చచ్చిపోయినవాడికి పోయలేదు.

'అసలు మనవాళ్లు దూకారా సార్?' అంటారా? దూకారు. 1941 అక్టోబర్‌లో ఢిల్లీలో 50వ భారత పారాచూట్ బ్రిగేడ్ మొదలైంది. 151 బ్రిటిష్, 152 ఇండియన్, 153 గూర్ఖా, మూడు బెటాలియన్లు. మొదట దూకిన భారతీయుల్లో ఒకాయన డాక్టరు, కెప్టెన్ ఎ.జి. రంగరాజ్.

1944 మార్చిలో ఈ బ్రిగేడ్ మణిపూర్ కొండల్లో, తంగ్‌ఖుల్ నాగాల ఊరు సాంగ్‌షాక్ దగ్గర జపాన్ సైన్యానికి అడ్డంపడింది. విమానం నుంచి దూకి కాదు, నేలమీద గుంటలు తవ్వుకుని. రాతి నేల, గుంట లోతుకు దిగదు. తాగడానికి నీళ్లు లేవు. విమానాలు పారాచూట్లతో విడిచిన సరుకులో చాలా భాగం జపాన్ వాళ్ల చేతుల్లో పడింది. మార్చి 26 రాత్రి మిగిలినవాళ్లు చీకట్లో వెనక్కి తగ్గారు. వాళ్లు ఆపిన ఆ కొద్ది రోజులే ఇంఫాల్, కోహిమాలు సర్దుకోవడానికి ఊపిరి ఇచ్చాయి. 1945 మే 1న రంగూన్ నది ముఖద్వారం దగ్గర ఎలిఫెంట్ పాయింట్ మీద గూర్ఖా పారాట్రూపర్లు నిజంగానే ఆకాశం నుంచి దిగారు.

ఇక ఆ పెట్టె లేదు కాబట్టి అభిరుచి ఉన్నవాళ్లు ఏం చేస్తారంటే, బ్రిటిష్ బొమ్మ తల కోసి తలపాగా తల అతికిస్తారు. అయిపోయింది, భారతీయుడు తయారు! నాకు పేచీ ఇక్కడే. తలపాగా పెడితేనే భారత సైనికుడు అనే ఊహ ఎక్కడిది? 'యుద్ధజాతుల' సిద్ధాంతానిది. లార్డ్ రాబర్ట్స్ కాలంలో దక్షిణాది వాళ్లు పోరాటానికి పనికిరారని తేల్చారు. మద్రాసు పటాలాలు తగ్గిపోయాయి, తెలుగువాళ్ల భర్తీ ఎండిపోయింది. అంతకు వందేళ్ల ముందు బెంగాల్, అవధ్‌లలో కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేవారు, తొలి సిపాయిల్లో తెలుగుదేశం నుంచి వెళ్లినవాళ్లు అంతమంది. జాతి పేరే ఉద్యోగం పేరైన చోట ఆ జాతికి ధైర్యం లేదని రాసేశారు.

మహార్ల కథ ఇంకా పచ్చిగా ఉంటుంది. 1890లలో భర్తీ ఆపేశారు. 1917లో మనుషులు చాలక 111వ మహార్స్ అని మళ్లీ పిలిచారు, యుద్ధం తీరాక ఎత్తేశారు. సుబేదారు రామ్‌జీ కొడుకు అంబేడ్కర్ ఈ తలుపు కోసం కొట్లాడాడు. మహార్ రెజిమెంట్ బెల్గాంలో మొదలైంది ఎప్పుడో తెలుసా? 1941 అక్టోబర్. పారాచూట్ బ్రిగేడ్ పుట్టిన నెలే! 1943లో చమార్ రెజిమెంట్ వచ్చింది, 1946లో రద్దయింది. తలపాగా తల అతికించే పద్ధతిలో వీళ్లెవరూ రారు. వీళ్లు మామూలు ఇనప టోపీ పెట్టుకున్నారు.

టోపీ కూడా దక్కనివాళ్లు మరికొందరు. ప్రతి భారత బెటాలియన్ వెంట భిస్తీ, మోచీ, చాకలి, పాకీపని మనిషి ఉండేవారు. సైన్యం భాషలో వాళ్లు 'ఫాలోయర్లు'. జీతం తక్కువ, గుండు మాత్రం అదే. నీళ్లు లేని కొండమీద నీళ్లు మోసే మనిషికి ఉన్న విలువ ఎంతో ఆలోచించండి. బొమ్మల కంపెనీని తిట్టే ముందు మన బొమ్మల కొలువునూ అడగాలి కదా, ఎన్ని మెట్ల మీద డప్పు కొట్టేవాడు నిలబడ్డాడని.

వేంసూరు, సత్తుపల్లి రోడ్ల మీద తెల్లవారుజామున ఆర్మీ భర్తీ కోసం పరుగెత్తే పిల్లల్లో మాల, మాదిగ, కోయ పిల్లలు ఉన్నారు. వాళ్లకు పరుగు టైమింగ్ చెప్పేవాళ్లు దొరుకుతారు. తిలంగా అనే మాట గురించి, బెల్గాం గురించి చెప్పేవాళ్లు దొరకరు. ఎవరైనా త్రీడీ ప్రింటింగ్ నేర్చిన విద్యార్థి ఉంటే ఈ వరస మొదలుపెట్టండి: మెషిన్‌గన్ దగ్గర మహార్ సైనికుడు, వంతెన కడుతున్న మద్రాస్ శాపర్, తోలుసంచితో భిస్తీ. రంగులు నేను కొనిస్తాను.

వచ్చే భాగంలో 1946, చమార్ రెజిమెంట్ రద్దు.