చింతపండుది ఏ ఊరు?

ఈసారి ఎపిసోడ్‌లో చెప్పిన ముచ్చటే ఇది. డ్యూటీలో ఉండి వినలేకపోయినోళ్ల కోసం రాసి పెడుతున్నా.

మొన్న శుక్రవారం కువైట్‌లో మా రూమ్‌లో వంట వంతు నాది. పచ్చిపులుసు చేద్దామని నిమ్మకాయంత చింతపండు నానేశాను. కాసేపటికి నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగినయ్. చెయ్యి పెట్టి పిసికితే గట్టి ముద్ద మెల్లగా మెత్తబడింది, ఈనెలు వేళ్లకు చుట్టుకున్నాయి. పనిలో రేకు కోసిన వేలు చుర్రుమంది. గుజ్జులోంచి ఒక గింజ నున్నగా జారి గిన్నెకు టక్కున తగిలింది. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో ఆడిన ఓమనగుంటలు యాదికొచ్చినయ్.

పక్క పొయ్యి దగ్గరున్న సూడాన్ దోస్తు తొంగిచూసి, "అరదేబ్! ఇది మా చెట్టు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చింతపండు మనది కాకుండా ఎవరిది? బకాలాలో ఈజిప్టాయన కూడా దాన్ని "తమర్ హిందీ" అనే అమ్ముతాడు కదా!

తర్వాత చదివితే తెలిసింది, దోస్తు మాటే నిజం. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. కాకపోతే మన దేశానికి ఎప్పుడో వచ్చేసింది. గంగా మైదానంలో నర్హన్ అనే చోట తవ్వకాల్లో దొరికిన చింతకట్టె బొగ్గు క్రీ.పూ. 1300 ప్రాంతానిది. అంటే మూడు వేల ఏండ్లకు పైమాటే.

అరబ్బు వర్తకులకు ఇది మన తీరం నుంచే అందింది. అరబ్బీలో తమర్ అంటే ఎండు ఖర్జూరం. నల్లగా, జిగురుగా ఉన్న ఈ పండును వాళ్లు 'హిందూదేశపు ఖర్జూరం' అన్నారు. వాళ్ల వైద్యులు దీన్ని విరేచనాల మందుగా వాడారు. ఆ పేరే యూరప్‌కు పోయి టామరిండ్ అయింది. 1753లో లిన్నేయస్ ఈ చెట్టుకు టామరిండస్ ఇండికా అని శాస్త్రీయ నామం రాశాడు. చెట్టు ఆఫ్రికాది, పేరు అరబ్బీది, ఇంటిపేరు ఇండియాది!

అదే పులుసులో నలిపిన మిరపకాయ సంగతీ ఇంతే. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగిన తర్వాతే పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. అంతకుముందు మన వంటల్లో కారమంటే ఎక్కువగా మిరియాలే. ఇప్పుడు మిరపకాయ లేని తెలుగు వంట ఊహించగలమా?

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఈడికొచ్చి పన్నెండేళ్లయింది. కువైట్‌లో ఉన్నా ఊళ్లో మాత్రం "దుబాయోడు". ఇక్కడేమో "హిందీ". పోయినసారి సెలవుకు పోతే మా చిన్నబిడ్డ అడిగింది: "బాపూ, మీ ఊరికి మళ్లెప్పుడు పోతవ్?" దానికి జవాబు చెప్పలేక బయటికి పోయి నిలబడ్డా.

ఇప్పుడడిగితే పక్కన కూర్చోబెట్టుకుని చింతపండు కథ చెబుతా. దానికి జవాబు దొరుకుతుందో లేదో గానీ, బాపు ఒక్కడే ఊరు మారలేదని అర్థమైతది.

ఆ రోజు ఆవాలు చిటపటమన్నాక పోపు పులుసులో పోశాను. రూమంతా కరివేపాకు వాసన. మేం బువ్వలో కలుపుకున్నం. సూడాన్ దోస్తు మాత్రం గ్లాసులో పోసుకుని తాగిండు, మధ్యమధ్య ఉల్లిపాయ ముక్కలు నములుకుంటూ.

మీ రూమ్‌లో పులుసు ఎవరు పిసుకుతారు? వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిద్దాం. ఉంటా మరి.