అద్దం ముందు నుంచి తెర ముందుకు

పిల్లవాడు కళ్ళు టపటపా ఆర్పుతుంటాడు. ఉన్నట్టుండి భుజం ఎగరేస్తాడు. జలుబు లేకపోయినా గొంతు సవరిస్తుంటాడు. మన ఇళ్ళలో అయితే మొదట గద్దిస్తాం, తర్వాత కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళతాం. టిక్ అనే ఈ ఇబ్బంది సాధారణంగా ఐదారేళ్ళప్పుడు మొదలై, పది పన్నెండేళ్ళకు ముదిరి, చాలామందిలో పెద్దయ్యేసరికి తగ్గుతుంది. అంటే బడి వయసంతా దానితోనే గడుస్తుంది. ఇంట్లోనే కంప్యూటర్ తెర మీద దీనికి చికిత్స నేర్పే ప్రయత్నాలు ఈ మధ్యవే. తెర కొత్తదే గానీ, దాని ముందు పిల్లలు చేసే సాధన మాత్రం వందేళ్ళ పైబడిన పాతది.

1825లో ఫ్రెంచి వైద్యుడు ఇటార్ ఒక సంపన్న కుటుంబపు స్త్రీలో ఈ లక్షణాలను వర్ణించాడు. 1885లో పారిస్ సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో జిల్ ద లా టూరెట్ తొమ్మిది మంది రోగుల గురించి రాశాడు; గురువు షార్కో ఆ జబ్బుకు శిష్యుడి పేరే పెట్టాడు. వర్ణన బాగానే కుదిరింది, వైద్యమే లేదు. 1902లో మేజ్, ఫాన్డెల్ టిక్‌ల మీద ఒక పెద్ద పుస్తకం వేశారు. బ్రిసో అనే వైద్యుడి పద్ధతిని అందులో వివరించారు. రోగి అద్దం ముందు కదలకుండా కూర్చోవాలి. మొదట కొన్ని క్షణాలు చాలు. రోజురోజుకూ ఆ వ్యవధి పెంచుతూ పోవాలి. నేటి పద్ధతుల బీజం ఇదేనని నాకనిపిస్తుంది, కానీ దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

ఆ తర్వాత మనోవిశ్లేషకుల కాలం. 1921లో ఫెరెంజీ టిక్‌లను అణగిన లైంగిక వాంఛలకు ముడిపెట్టాడు. ఆ దారిన నడిచిన దశాబ్దాల్లో తల్లిదండ్రులకు దక్కింది అపరాధభావమే. 1960లలో హలోపెరిడాల్ మందు వచ్చి ఆ వాదనను పక్కకు నెట్టింది. అమెరికాలో షాపిరో దంపతులు 1968లో ప్రచురించిన ఫలితాలతో ఇది మెదడుకు సంబంధించిన జబ్బన్న అభిప్రాయం బలపడింది. అయితే మందు వేసుకున్న పిల్లలు మగతగా ఉండేవారు, ఒళ్ళు చేసేవారు.

అసలు మలుపు 1973లో వచ్చింది. అజ్రిన్, నన్ అనే మనస్తత్వవేత్తలు అలవాటు తిప్పే పద్ధతిని పన్నెండు మంది మీద ప్రయత్నించి ప్రకటించారు. ముందు తన టిక్ ఎప్పుడు, ఎలా వస్తుందో రోగి కనిపెట్టాలి. తర్వాత దానికి అడ్డు తగిలే కదలికను నేర్చుకోవాలి. భుజం ఎగరేసే పిల్లవాడు చేతులు ఒంటికి ఆనించి, భుజాలను మెల్లగా కిందికి బిగబట్టి ఉంచుతాడు. కళ్ళార్పే పిల్లవాడు నెమ్మదిగా, లెక్కగా రెప్పలు వేస్తాడు. పక్కన కూర్చున్నవాళ్ళకు ఏమీ తెలియదు. చికిత్స తరగతి గదిలోకి చొరబడగలిగింది అందువల్లే.

ఎంతసేపు బిగబట్టాలి? లోపలి గుంజాటన తగ్గేదాకా. తుమ్ము వచ్చే ముందు ముక్కులో కలిగే గులగుల లాంటి ఆ గుంజాటనను లోకానికి వివరంగా చెప్పింది డాక్టరు కాదు, రోగి. టూరెట్‌తో దశాబ్దాలు బతికిన జోసెఫ్ బ్లిస్ తనను తాను గమనించుకుని 1980లో ఒక వైద్య పత్రికలో రాశాడు. టిక్‌ను ఆపితే తర్వాత రెట్టింపుగా వస్తుందన్న భయం మాత్రం పోలేదు. హిమిల్, వుడ్స్ 2005లో పిల్లలను పరీక్షించి చూశారు. అలా ఎగదన్నడం కనిపించలేదు. ఇంత చిన్న అధ్యయనం ఇంత పెద్ద భయానికి జవాబివ్వడం అరుదు.

2010లో అమెరికాలో 126 మంది పిల్లలతో జరిగిన పరీక్షలో, పది వారాల్లో ఎనిమిది సార్లు అలవాటు తిప్పే ఈ శిక్షణ పొందినవారిలో 52.5 శాతం మందికి గుణం కనిపించింది. పోల్చిచూసిన బృందంలో అది 18.5 శాతమే. ఇక చిక్కల్లా నేర్పేవాళ్ళు దొరకకపోవడం. మొదట వీడియో కాల్ వచ్చింది. తర్వాత అమెరికాలో టిక్‌హెల్పర్ అనే ప్రోగ్రామ్ థెరపిస్టునే పక్కన పెట్టి, పాఠాలన్నీ పిల్లలకూ తల్లిదండ్రులకూ నేరుగా అప్పగించింది.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ మధ్యేమార్గం ఎంచుకుంది. అడ్డుకదలిక అక్కడ లేదు. గుంజాటన వచ్చినా టిక్‌ను రానీయకుండా పట్టి ఉంచడం, ఆ సమయాన్ని పెంచుకుంటూ పోవడమే సాధన. బ్రిసో గుర్తుకు రాకమానడు. పిల్లలకు ఒక వరుస పాఠాలు, తల్లిదండ్రులకు మరో వరుస, సందేశాల ద్వారా పలకరించే థెరపిస్టు.

బ్రిటన్ ఆ వేదికనే తెచ్చుకుని ఆర్బిట్ పేరుతో 224 మంది పిల్లల మీద పరీక్షించింది. చేరికలు 2018, 2019లలో జరిగాయి, కరోనాకు ముందే. 2021 ఫలితాల్లో, 50 పాయింట్ల తీవ్రత కొలతపై మూడు నెలలకు 4.5 పాయింట్లు తగ్గాయి. కేవలం జబ్బు గురించి బోధించిన బృందంలో తగ్గింది 1.6. ఓ మోస్తరు తేడాయే అయినా, 18 నెలల తర్వాత కూడా మేలు నిలిచింది.

2022లో స్వీడన్ తన 221 మందితో చేసిన పరీక్ష మరో మాట చెప్పింది. సాధన చేసినవాళ్ళకు 6.08 పాయింట్లు తగ్గితే, ఊరికే నేర్చుకున్నవాళ్ళకు 5.29 తగ్గాయి. ప్రధాన కొలతలో తేడా తేలలేదు. గుణం కనిపించినవాళ్ళ వాటా మాత్రం సాధన బృందంలో 47.2 శాతం, రెండో దానిలో 28.7. ఆన్‌లైన్ చికిత్స గొప్పదని చాటేవాళ్ళు రెండో లెక్కనే చూపిస్తారు. నాకు ఆ 5.29 ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. ఆ పిల్లలకూ వాళ్ళ తల్లిదండ్రులకూ టిక్ అంటే ఏమిటో పాఠాలు చెప్పారు, వారం వారం పలకరించారు, బిగబట్టమని మాత్రం ఎవరూ చెప్పలేదు.