అందరికీ తెలిసిన గ్యాస్

2012 ఎండాకాలం. ఇంజనీరింగ్ పూర్తి చేసి సింగరాయకొండలో ఇంటి దగ్గర ఉన్నాను. కరెంటు ఎప్పుడు పోతుందో తెలుసు, ఎప్పుడు వస్తుందో తెలీదు. ఉక్కపోతకి అందరం వీధి అరుగుల మీదకి చేరేవాళ్ళం. పొగాకు బ్యారన్‌లో కట్టెలు మండించి మండించి కళ్ళు ఎర్రబడ్డ మా పెదనాన్న ఒకటే మాట అనేవాడు: "కాకినాడ దగ్గర సముద్రంలో ఉండేది మన గ్యాస్. అది పైపులో గుజరాత్ పోతా ఉంది. మనకేమో విసనకర్ర."

ఆయన చదివింది ఐదో తరగతి. అయినా విషయం తెలుసు. రాష్ట్రమంతా తెలుసు. అలాంటప్పుడు ఎందుకేమీ జరగలేదు అన్న ప్రశ్న చాలా ఏళ్ళు నన్ను వదల్లేదు.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో డీ6 బ్లాకు ఒప్పందం 2000లో కుదిరింది. 2002లో రిలయన్స్ గ్యాస్ కనిపెట్టింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. కాకినాడ నుంచి భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపులైను అప్పటికే సిద్ధం. 2010లో రోజుకి 60 మిలియన్ ఘనపు మీటర్లు తీశారు. 80కి పోతుందన్నారు. పోలేదు, పడిపోయింది. 2013కల్లా 15 లోపే. భూగర్భం అనుకున్నట్టు లేదని కంపెనీ, తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని కేంద్రం. ఉన్న కాస్త గ్యాస్‌లో మొదటి వంతు ఎరువుల ఫ్యాక్టరీలది, కరెంటు తర్వాత. వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి లాంటి చోట్ల వేల కోట్లు పోసి కట్టిన ప్లాంట్లకి 2013 మార్చికల్లా డీ6 గ్యాస్ పూర్తిగా ఆగిపోయింది. అంటే పెదనాన్న మాటలో సగమే నిజం. గ్యాస్ గుజరాత్ ఎత్తుకుపోవడం కంటే, అసలు లేకపోవడమే ఎక్కువ.

రెండో సగం ఇంకా చేదు. "మన గ్యాస్" అన్న మాటకి చట్టంలో చోటే లేదు. రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం సముద్రగర్భంలో ఉన్నదంతా కేంద్రానిది. మనం తిట్టుకున్న గుజరాతే 2001లో గ్యాస్ మీద సొంత చట్టం చేసుకుంటే, ఆ అధికారం రాష్ట్రాలకి లేదని 2004లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2010లో అంబానీ సోదరుల తగాదాలో అదే కోర్టు, గ్యాస్ ప్రజలది, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అంది. వినడానికి ఎంత బాగుందో! మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ప్రజలకి చూసే పర్మిషన్ ఉంది, మార్చే పర్మిషన్ లేదు.

మార్చగలిగినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. 2009లో ఆంధ్రప్రదేశ్ నుంచి గెలిచిన 42 మంది ఎంపీల్లో 33 మంది కాంగ్రెస్ వాళ్ళే. కేంద్రంలో వాళ్ళదే ప్రభుత్వం. 2011 జనవరి నుంచి పెట్రోలియం మంత్రి మన జైపాల్ రెడ్డి. అంతకుముందే వై.ఎస్. ధర గురించి, రాష్ట్ర వాటా గురించి ఢిల్లీకి లేఖలు రాశారు. లేఖలు రాయడంలో మనవాళ్ళని కొట్టేవాళ్ళు లేరు! 2012 అక్టోబర్‌లో జైపాల్ రెడ్డి శాఖ మార్చేశారు. గ్యాస్ ధర పెంచనందుకే అని ప్రతిపక్షాలు ఆరోపించాయి. ఆ 33 మందీ రాజీనామాలు, దీక్షలు అంటూ ఊగిపోయింది వేరే విషయం మీద: రాష్ట్రం ఉండాలా, విడిపోవాలా? ఆ గొడవ చిన్నదని నేననను. కానీ పార్లమెంటుని స్తంభింపజేసే బలం మనకుందని దానివల్లే తెలిసింది. గ్యాస్ కోసం ఆ బలం ఒక్కరోజు వాడలేదు.

2014లో విభజన చట్టం వచ్చింది. నేను ఉద్యోగంలో చేరాక ఒక రాత్రి దాన్ని మొత్తం చదివాను. పన్నెండో షెడ్యూల్లో గ్యాస్ గురించి ఉన్నది రెండే ముక్కలు. కేటాయింపులు ఎప్పటిలాగే కేంద్రం విధానం ప్రకారం. నేల మీద తీసినదానికి రాయల్టీ ఆ రాష్ట్రానికి. సముద్రం ఊసే లేదు. అదే ఏడాది జూన్ 27న కోనసీమలో నగరం దగ్గర గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ 65 రోజులు మండింది కూడా అక్కడికి దగ్గర్లోనే. వాటా లేకపోయినా ప్రమాదం మాత్రం మనదే అయింది.

పోయిన సంక్రాంతికి ఆ షెడ్యూలు ఫోన్లో తీసి పెదనాన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఇది మన ఎంపీలకి తెలుసా అబ్బాయ్?"

"తెలుసు పెదనాన్నా. వాళ్ళ ముందే పాసయింది."

ఆయనేం మాట్లాడలేదు. కాసేపాగి, ఈసారి బ్యారన్‌కి కట్టెల రేటు ఎంత పలుకుతోందో చెప్పడం మొదలుపెట్టాడు.