మల్డర్‌ను మల్డర్ అనే పిలవాలి

1993 సెప్టెంబర్ 10న అమెరికాలో ఫాక్స్ చానల్ ‘ది ఎక్స్-ఫైల్స్’ మొదలుపెట్టినప్పుడు అది ప్రేమకథ కాదు. ఎఫ్‌బీఐ నేలమాళిగలో కూర్చుని గ్రహాంతరవాసుల జాడ వెతికే ఫాక్స్ మల్డర్ ఒకరు. అతని మాటల్లో పస ఎంతో తేల్చమని పైవాళ్లు పంపిన డాక్టర్ డేనా స్కలీ మరొకరు. వీళ్ల మధ్య ప్రేమ ఉండదని సృష్టికర్త క్రిస్ కార్టర్ చెబుతూనే వచ్చాడు. చూసేవాళ్లు వింటేగా! ఆయన కాదన్నకొద్దీ ఇద్దర్నీ కలిపే కథలు గుట్టలుగా పెరిగాయి.

అభిమానులు కథలు రాసుకోవడం అప్పటికి పాత అలవాటే. ‘స్టార్ ట్రెక్’ ప్రేమికులు 1967లోనే ‘స్పాకనేలియా’ అనే పత్రికను సొంతంగా అచ్చేసుకున్నారు. అలాంటి కథల్లో సకలగుణాభిరామురాలైన ఓ పడుచు వ్యోమనౌకలో అడుగుపెట్టి అందరి మనసులూ దోచేసే తంతును 1973లో పౌలా స్మిత్ అనే అభిమాని ‘మేరీ స్యూ’ పాత్రతో వెక్కిరించింది.

ఎక్స్-ఫైల్స్ నాటికి అచ్చు ఖర్చు, తపాలా ఖర్చు తప్పాయి. ఇంటర్నెట్‌లో యూజ్‌నెట్ అనే చర్చావేదిక మీద ఈ కథలకే ఒక విభాగం వెలిసింది. ప్రేమ కావాలన్నవాళ్లు షిప్పర్లు, వద్దన్నవాళ్లు నోరోమోలు. కథ ఏ రకమో, ఏ ఎపిసోడ్ దాకా చూసినవాళ్లు చదవొచ్చో పైనే రాయాలి. పాత్రలు కార్టర్‌వి, ఫాక్స్‌వి, తనకు పైసా రాదు అని కూడా ఒప్పుకోవాలి. దావా వేయొద్దు మహాప్రభో అనే దండం అన్నమాట.

అసలు చిక్కు పిలుపు దగ్గరే మొదలయ్యేది. 1994లో వచ్చిన ‘టూమ్స్’లో స్కలీ ఓసారి ‘ఫాక్స్’ అంటుంది. అమ్మానాన్నల చేత కూడా మల్డర్ అనే పిలిపించుకున్నానని అతను నవ్వి తోసేస్తాడు. మరి ప్రేమలో పడ్డాక ఏమని పిలవాలి? ‘డార్లింగ్’ అనిపించారో, స్కలీ పేరు పెట్టుకున్న ఇంకెవరో మిగులుతారు. వీళ్ల అనురాగం ఉన్నదంతా వాదనలోనే. అతను నమ్మాలి, ఆమె రుజువు అడగాలి. ముద్దు పెట్టించడం ఎవరికైనా చేతనవును. మర్నాడు ఆఫీసులో వాళ్లు మళ్లీ అలాగే వాదించుకునేట్టు రాయడమే కష్టం. అందుకే చేయి తిరిగినవాళ్లు ముందు ఒక కేసు అల్లేవారు. శవం, పోస్ట్‌మార్టం, ఊరి చివర మోటెల్, వీటి సందుల్లోంచే ప్రేమ తొంగిచూడాలి.

పైగా అప్పటికి సీరియల్ ఇంకా నడుస్తూనే ఉంది. నటి జిలియన్ ఆండర్సన్ గర్భవతి కావడంతో 1994లో స్కలీ అపహరణకు గురైంది. 1997లో ఆమెకు క్యాన్సర్ తగిలించారు. 1998 నాటి సినిమాలో, పెదవులు కలిసే క్షణాన తేనెటీగ కుట్టింది. నెలల తరబడి రాస్తున్న నవల ఒక్క ఎపిసోడ్‌తో చెల్లకుండా పోయేది. చివరికి 1999 నవంబర్ 28న ‘మిలీనియం’లో, కొత్త సంవత్సరం వేళ వాళ్లు ముద్దు పెట్టుకున్నారు. అభిమానుల కథల్లో అది అప్పటికే వేలసార్లు జరిగిపోయింది.

ఈ రాతల సంగతి సీరియల్‌వాళ్లకు తెలియదనుకుంటే పొరపాటు. 2001లో ‘ఎలోన్’ అనే ఎపిసోడ్‌లో ఓ కొత్త ఏజెంటుకు, క్యాన్సర్‌తో చనిపోయిన ఒక అభిమాన రచయిత్రి పేరు పెట్టారు. పాత కేసులన్నీ నోటికి వచ్చిన ఆ ఏజెంటు చివర్లో మల్డర్, స్కలీలను ఆ సినిమా ఘట్టం గురించి ఓ ప్రశ్న అడుగుతుంది: అంటార్కిటికా మంచులో బండి ఇంధనం అయిపోయింది కదా, మీరిద్దరూ ఎలా తిరిగొచ్చారు? వాళ్లు దానికి జవాబు చెప్పరు. అక్కడ చూసింది అసలు గ్రహాంతర నౌకేనా అని వాదనకు దిగుతారు.