లెక్కల్లో మన పిల్లలెక్కడ?

2016 అక్టోబర్ 11న మెదక్ పట్టణం జిల్లా కేంద్రమయింది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లాకొక బోర్డయినా ఉండాలి. అంటే మెదక్ పిల్లల లెక్క మెదక్‌లోనే తేలాలి. 2018లో సంపూర్ణ బెహురా కేసులో సుప్రీంకోర్టు ఈ వ్యవస్థలో కంప్యూటర్లు వాడమంది. మంచిదే. విచారణకు చట్టం పెట్టిన నాలుగు నెలల గడువు ఎంతమంది విషయంలో దాటిందో డాష్‌బోర్డు మీద కనబడితే అధికారులు తప్పించుకోలేరు.

అయితే రిజిస్టరుకూ చరిత్ర ఉంది. 1871 నేరస్త జాతుల చట్టం పుట్టుకనే నేరంగా రాసుకుంది. 1924 చట్టం పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం సర్కారుకిచ్చింది. స్టూవర్టుపురం ఎరుకలోళ్లు ఆ రిజిస్టరు కింద బతికినోళ్లే. 1952లో చట్టం రద్దయింది గానీ అనుమానం రద్దు కాలేదు.

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. కులాన్ని బట్టి పని పంచిన చోట ఆ గడి పోవలసిందే. కానీ అసలు కులమే లెక్కించకపోతే, హోముల్లో ఎవరి పిల్లలున్నరో మాకు తెల్వదని సర్కారు అనొచ్చు. నేర గణాంకాల్లో పట్టుబడ్డ పిల్లల చదువు, కుటుంబ నేపథ్యం అచ్చయినయి. కులం కాలేదు.

అందుకే మనమడిగేది రెండు ముక్కలు. బిడ్డ పేరు పక్కన కులం వద్దు, ఆ ఫైలు పోలీసులకు అనుమానితుల జాబితా కావద్దు. పేర్లు లేని మొత్తాల్లో మాత్రం కులం ఉండాలి, ఆ మొత్తాలు ఏటేటా జనం ముందు పెట్టాలి. మెదక్ బోర్డుతోనే మొదలుపెట్టొచ్చు.