ఉల్కకు ఇద్దరు సాక్షులు కావాలి

2025 సెప్టెంబర్ 20. అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర కావస్తోంది. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌ల మీదుగా ఓ పెద్ద వెలుగు ముక్కలు ముక్కలవుతూ సాగిపోయింది. మెలకువగా ఉన్నవాళ్లు ఫోన్లు పైకెత్తారు. తెల్లారేసరికి ఆ వీడియోలు దేశమంతా చుట్టేశాయి. ఉల్కేనని చాలామంది తీర్మానించేశారు. కాదు, కక్ష్యలోంచి జారిపడ్డ రాకెట్ శకలం అయి ఉంటుందని కొందరు ఖగోళ నిపుణులన్నారు. వాళ్లకు అనుమానం తెప్పించింది దాని నిదానం. ఉల్క ఎంత మెల్లగా వచ్చినా సెకనుకు 11 కిలోమీటర్లకు తగ్గదు. కక్ష్య నుంచి పడే శకలం వేగం 8 కిలోమీటర్లకు మించదు.

వేగం కొలిస్తే తగువు తీరిపోతుంది. కానీ చేతిలో ఊగే ఫోన్‌తో, ఒక్క నక్షత్రమైనా కనిపించని వీడియోతో కొలిచేదెలా?

ఆకాశం నుంచి పడ్డదాని గురించి వాంగ్మూలం రాసిపెట్టడం మొగలు దర్బారుకు బాగా తెలుసు. 1621 ఏప్రిల్‌లో జలంధర్ పరగణాలోని ఒక ఊళ్లో, తెల్లవారుజామున తూర్పు దిక్కు నుంచి భయంకరమైన మోత వినిపించి, పైనుంచి ఓ వెలుగు నేలకు దిగిందని జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. పరగణా పన్నులు వసూలుచేసే అమీలు మహమ్మద్ సయీద్ గుర్రమెక్కి వెళ్లి చూశాడు. పది పన్నెండు గజాల మేర గడ్డి ఆనవాలైనా లేకుండా నేల మాడిపోయి ఉంది. తవ్వించాడు. లోతుకు పోయేకొద్దీ వేడి ఎక్కువైంది. చివరికి కాలుతున్న ఇనుప ముద్ద బయటపడింది. సంచిలో వేసి, సీలు కొట్టి దర్బారుకు పంపాడు. తూకం 160 తులాలు. కత్తులు చేసే ఉస్తాద్ దావూద్ సుత్తి వేస్తే అది ముక్కలైపోయింది. మూడు పాళ్ల ఆ ఇనుముకు ఒక పాలు మామూలు ఇనుము కలిపి రెండు కత్తులు, ఒక బాకు, ఒక చాకు చేశాడు. ఆ చాకు ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది.

దిక్కు, మోత, తూకం అన్నీ ఉన్నాయి. ఎంత ఎత్తులో వెలిగింది, ఎంత వేగంతో వచ్చింది, సూర్యుడి చుట్టూ ఏ దారిన తిరుగుతుండేది అన్నవి మాత్రం లేవు. అమీలును తప్పుపట్టలేం. ఒక్కచోట నిలబడి చూసే మనిషికి ఆ లెక్క అందదు. గత శతాబ్దిలో ఉస్మానియా కళాశాల ప్రిన్సిపల్‌గా పనిచేసిన మహమ్మద్ అబ్దుర్ రహమాన్ ఖాన్ హైదరాబాద్ బేగంపేటలో ఏళ్ల తరబడి ఉల్కలను పరిశీలించి విదేశీ పత్రికలకు రాశారు. ఎంత ఓపిక! అయినా ఆయనదీ ఒంటరి చూపే.

కెమెరా సత్తా ఏమిటో లియోనిడ్ ఉల్కల వాన చూపించింది. 33 ఏళ్లకోసారి వచ్చే టెంపుల్-టటిల్ తోకచుక్క వదిలిన దుమ్ము అది. 1999 నవంబర్ 18న తుపానులా విరుచుకుపడినప్పుడు భారత కాలమానం ఉదయం ఏడున్నర. ఢిల్లీలో అప్పటికే ఎండ. జోర్డాన్ ఎడారికి అదృష్టం పట్టింది. అదే వానలో అమెరికాలోని ఔత్సాహికుల వీడియో కెమెరాలకు చంద్రుడి చీకటి భాగం మీద ఉల్కలు గుద్దుకున్న మెరుపులు చిక్కాయి. 2001లో ప్రధాన ఉధృతి మన గడియారం ప్రకారం రాత్రి 11.45 ప్రాంతంలో వచ్చింది. సింహరాశిలో ఈ ఉల్కలు వెలువడుతున్నట్టు కనిపించే బిందువు ఢిల్లీలో అప్పుడే తూర్పు అంచుకు చేరుతోంది. అసలు పండగ తూర్పు ఆసియాలో జరిగిపోయింది.

పద్ధతి తెలిస్తే తేలికే. మసక వెలుతురును పట్టే సెన్సర్ ఉన్న కెమెరాను ఆకాశం వైపు బిగిస్తారు. అది సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంది. డిసెంబర్‌లో వచ్చే జెమినిడ్ ఉల్క సెకనుకు 35 కిలోమీటర్లు పోతుంది, అంటే ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య 1.4 కిలోమీటర్లు. వెనకున్న నక్షత్రాలే స్కేలు. వంద కిలోమీటర్ల అవతల ఇంకో కెమెరాకు అదే గీత వేరే నక్షత్రాల పక్కన పడుతుంది. రెండు చూపులు ఎక్కడ కలుస్తాయో లెక్కిస్తే ఎత్తు, వేగం, కక్ష్య బయటపడతాయి. పీటర్ జెన్నిస్కెన్స్ 2010లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన కెమెరాల వల చేసే పని ఇదే. డెనిస్ విడా 2018లో ప్రారంభించిన గ్లోబల్ మీటియర్ నెట్‌వర్క్‌లో ఔత్సాహికులు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్‌తో ఇలాంటి కెమెరాలను ఇంటి మీదే నడుపుకుంటున్నారు.

ఢిల్లీకి కష్టమల్లా క్యాలెండర్‌తోనే. పెర్సీడ్ ఉల్కలు ఆగస్టులో, వానాకాలం నడిమధ్య. లియోనిడ్‌లు నవంబర్‌లో, పొగ కమ్మే రోజుల్లో. జెమినిడ్‌లు డిసెంబర్ 14 ప్రాంతంలో, మంచు మొదలయ్యాక. ఇవి చాలవన్నట్టు పాలం విమానాశ్రయానికి వచ్చిపోయే విమానాల దీపాలు. కాస్త సందిచ్చేవి అక్టోబర్ 21 ప్రాంతపు ఓరియోనిడ్‌లు, ఏప్రిల్ 22 నాటి లైరిడ్‌లు. అందుకే ఢిల్లీ ఔత్సాహికులు ఉల్కల రాత్రుల్లో సరిస్కా దారి పడతారు. సరిస్కా ఉన్న అల్వర్ జిల్లా కూడా జాతీయ రాజధాని ప్రాంతం (ఎన్‌సీఆర్) లోదే. అక్కడో కెమెరా, రేవాడీ వైపు మరొకటి పెడితే మధ్య దూరం వంద కిలోమీటర్ల లోపే. రెండింటినీ ఆ నడుమ నేలకు 90 కిలోమీటర్ల పైనున్న ఒకే చోటికి తిప్పి, గడియారాలు సరిచేస్తే చాలు.