మొదట పిలిచేదెవరు?

పొదటూరుపేటలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవారికి తెలిసిన సంగతే. పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు పాత పోగులను లాగి పారెయ్యడు. వాటి కొసలకే కొత్త పడుగు అతుకుతాడు. మరి కంప్యూటరు ప్రోగ్రాము ఎక్కడ మొదలవుతుంది?

ఆబ్జెక్టుల పద్ధతికి నాంది 1967 నాటి సిములా. నార్వే దేశస్థులు దాల్, న్యూగోర్ దాన్ని రూపొందించారు. 1970లలో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనశాలలో పుట్టిన స్మాల్‌టాక్‌ది అచ్చంగా అతుకు పద్ధతే. నిన్న ఆపినప్పటి ఆబ్జెక్టులన్నీ భద్రంగా ఉంటాయి, పని ఇవాళ అక్కణ్ణుంచే సాగుతుంది.

సీ భాష దారి వేరు. దానికి 'మెయిన్' అనే గడప ఉంది. 1995లో వెలువడిన జావా ఆ గడపను క్లాసు లోపల పెట్టింది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. క్లాసు అంటే నమూనా. దాన్నిబట్టి తయారయ్యేది ఆబ్జెక్టు. ప్రోగ్రాము మొదలయ్యే క్షణాన మన ఆబ్జెక్టు ఒక్కటీ ఉండదు కదా, మరి మెయిన్‌ను ఎవరి ద్వారా పిలవాలి? జావా యంత్రం నేరుగా క్లాసు పేరుతోనే పిలుస్తుంది. మెయిన్ ముందున్న 'స్టాటిక్' అనే మాటకు అర్థం అదే, ఆబ్జెక్టుతో పనిలేదని. ఇంత చిన్న కారణం చెప్పకుండా పిల్లలచేత ఆ వరుసను బట్టీ పట్టించడం నాకు ఏనాడూ నచ్చలేదు.

2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో ఆ మాట లేకపోయినా చెల్లుతుంది. యంత్రమే ముందుగా ఒక ఆబ్జెక్టును తయారుచేసి, దాని మెయిన్‌ను పిలుస్తుంది. ముప్పయ్యేళ్లు పట్టింది లెండి.